ప్రార్థనార్థవిచారము: క్రైస్తవ ప్రార్థనయందు హృదయప్రాధాన్యము

ప్రార్థన యను శబ్దము మన భాషలో నిత్యవ్యవహారమున నున్నది. దేవాలయమున భక్తుఁడు చేయునదియుఁ బ్రార్థనయే. పాఠశాలలో బాలురు నిలుచుండి చదువునదియుఁ బ్రార్థనయే. అధికారికి వ్రాసికొను విన్నపపత్రము చివరఁ గానవచ్చునదియుఁ బ్రార్థనయే. తెనుఁగు క్రైస్తవులు తమ యుపాసనలోఁ బ్రధానమగు నంగమున కీ శబ్దమునే స్థిరపఱచుకొనిరి. కథోలికులలో జపమాల యను వ్యవహార మున్నను, సర్వసాధారణముగా వాడఁబడునది ప్రార్థనాశబ్దమే. ఈ వ్యాసమున మతఖండనమండనములతోఁ బనిలేదు. క్రైస్తవగ్రంథములు ప్రార్థనకు హృదయమే ప్రాణమని యేల చెప్పుచున్నవో, ఆ మాటకు నర్థ మెంతవఱకు వ్యాపించునో, శబ్దార్థమార్గమున విచారించుటయే యుద్దేశము.

చురాదిగణమునందలి అర్థధాతువునకు యాచించుట యర్థము. దానికిఁ 'బ్ర' యను నుపసర్గము చేరి, ణిజంతమగుటచే యుచ్‌ప్రత్యయము వచ్చి, స్త్రీత్వమున 'ప్రార్థనా' యని యగును. తెనుఁగునఁ దత్సమమై కడపటి దీర్ఘము హ్రస్వమగుటచే 'ప్రార్థన' యయ్యెను. పాణిని లిఙ్‌ప్రత్యయమునకు విధి మొదలుకొని యాఱర్థములను జెప్పుచుఁ బ్రార్థనమును గడపట నిలిపెను. ఆ యర్థములయందే లోట్టును వచ్చునని తరువాతి సూత్రమునఁ జెప్పెను. వ్యాఖ్యాతలు వీని భేదము నిట్లు వివరింతురు. తనకంటెఁ దక్కువవానిని బనికిఁ బురికొల్పుట విధి. శ్రాద్ధభోజనమునకు దౌహిత్రుని బిలిచినట్లు తప్పింపరాని పిలుపు నిమంత్రణము. వచ్చుటయు మానుటయు వాని యిచ్ఛకు విడిచిన పిలుపు ఆమంత్రణము. గౌరవపూర్వకముగా నొక కార్యమునందు నియోగించుట అధీష్టము. ఇది చేయుదునా యది చేయుదునా యని నిశ్చయార్థ మడుగుట సంప్రశ్నము. యాచించుట ప్రార్థనము.

ఇందొక విశేషము గలదు. అర్థము లాఱైనను రూప మొక్కటియే. యజమానుఁడు వంటవానితో 'అన్నము పెట్టుము' అనును. ఆఁకలిగొన్న బాటసారి యింటివాకిట నిలిచి 'అన్నము పెట్టుము' అనును. ధాతు వొక్కటి, ప్రత్యయ మొక్కటి, వర్ణక్రమ మొక్కటి. అయినను మొదటిది యాజ్ఞ, రెండవది యాచన. ఈ భేద మెక్కడినుండి వచ్చినది? వక్త తన్నుఁ దా నేమని తలఁచుకొనుచున్నాఁడో, ఎదుటివాని నేమని తలఁచుచున్నాఁడో, ఆ తలఁపునుండి వచ్చినది. కావునఁ బ్రార్థనాత్వము పదరూపమునందు లేదు, వక్తృహృదయమునందున్నది. వైయాకరణులకు సామాన్యమగు నీ విషయమే క్రైస్తవశాస్త్రమునఁ బ్రార్థనను గూర్చిన ముఖ్యసిద్ధాంతమై యున్నది.

క్రైస్తవు లందఱు నెఱిఁగిన ప్రార్థన యొకటి గలదు. యేసు తన శిష్యులకు నేర్పినదగుటచే దానిని బ్రభుప్రార్థన యందురు. అది మత్తయి సువార్త 6వ యధ్యాయమున విస్తరముగాను, లూకా సువార్త 11వ యధ్యాయమున సంక్షేపముగాను గానవచ్చును. ఆ గ్రంథముల మూలము గ్రీకుభాష. మత్తయిపాఠమున సంబోధనము తరువాతి మూఁడు విన్నపములును బ్రథమపురుషమునందున్నవి. వానియందుఁ గర్తృపదములు వరుసగా దేవుని నామము, రాజ్యము, చిత్తము. పిమ్మట వాక్యములు మధ్యమపురుషమునకు వచ్చును. అనుదినాహారము నిమ్మనియు, ఋణములను క్షమింపుమనియు, శోధనలోనికిఁ దేవలదనియు, కీడునుండి తప్పింపుమనియు నడుగుట యక్కడనే. తెనుఁగుపాఠమున మొదటి మూఁటికి 'గాక' యను నాశీరర్థకమును, తరువాత నిమ్మని యడుగుటకును క్షమింపుమని యడుగుటకును 'ము' వర్ణాంతమగు మధ్యమపురుషమును గానవచ్చును. ఇది మూలమునకును, మన వ్యాకరణసంప్రదాయమునకును సరిపడి యున్నది.

ఈ రూపములను బరిశీలించినచో రెండు సంగతులు తోఁచును. మొదటిది: గ్రీకునందును రాజు భటునకిచ్చు నాజ్ఞయు, మనుష్యుఁడు దేవునికిఁ జేయు విన్నపమును నొక్క క్రియారూపముననే యుండును. కాఁబట్టి యా ప్రార్థనను హృదయములేక చదివినవాఁడు, అక్షరములకు లోపము రాకున్నను, దేవునికి నేడెనిమిది యాజ్ఞల నిచ్చినవాఁ డగునేకాని ప్రార్థించినవాఁడు గాఁడు. రెండవది: ఈ ప్రార్థన మొత్తమున నుత్తమపురుషైకవచన మెక్కడను లేదు. 'నా' యని లేదు. 'మా' యనియే యున్నది. గ్రీకున 'మన', 'మా' యను భేదము లేదు, తెనుఁగున నున్నది. సంబోధ్యుఁడగు దేవునిఁ జేర్చుకొనరాదు గనుక మనవారు 'మా' యని వాడిరి. తలుపు మూసికొని యొంటరిగాఁ బ్రార్థించువాఁడును బహువచనముననే ప్రార్థింపవలసియున్నది. హృదయపూర్వక మనఁగాఁ దన సొంతకోరికలతో నిండిన దని యర్థము గాదని యీ బహువచనమే మొదట హెచ్చరించుచున్నది.

ఈ ప్రార్థనను నేర్పుటకు ముందు యేసు రెండు దోషములను జూపెను. సమాజమందిరములలోను వీథిమూలలయందును నిలిచి పరులు చూడవలెనని ప్రార్థించుట మొదటిది. దానికిఁ బ్రతిక్రియగా, గదిలోనికిఁ బోయి తలుపు వేసికొని కానరాని తండ్రికి మొఱపెట్టుకొనుమనెను. మాటలు విస్తారమైనచో దేవుఁడు వినునని భ్రమించుట రెండవది. ఇక్కడ మూలమున 'బత్తలొగేయో' యను నరుదైన క్రియ యున్నది. దాని వ్యుత్పత్తి వివాదగ్రస్తము. నత్తిపలుకు ననుకరించు శబ్దమునుండి పుట్టిన దని కొందఱు తలంతురు. సందర్భమునుబట్టి యర్థము మాత్రము స్పష్టమే: భావములేని వాక్ప్రవాహము. మొదటివాఁడు చూచువారిని నమ్ముకొనెను. రెండవవాఁడు మాటల లెక్కను నమ్ముకొనెను. దేవుని నమ్ముకొనుట యిరువురయందును లేదు.

వాక్కు నోటినుండి వెలువడకున్నను బ్రార్థన యగుననుటకు హన్నావృత్తాంతము నిదర్శనము. ఇది సమూయేలు మొదటిగ్రంథమున మొదటి యధ్యాయమునఁ జెప్పఁబడినది. సంతానములేని యా సాధ్వి షిలోహు మందిరమున దుఃఖించుచుఁ బ్రార్థించెను. పెదవులు కదలినవే కాని స్వరము వినరాలేదు. యాజకుఁడగు ఏలీ యామె మత్తురాలై యున్నదని భ్రమించి మందలించెను. తాను మద్యము ముట్టలేదనియు, మనోదుఃఖమును దేవునియెదుటఁ బెట్టుకొనుచున్నాననియు నామె వినయముతోఁ దెలుపఁగా నతఁ డాశీర్వదించి పంపెను. భర్తృహరి చెప్పిన వాగ్భేదములనుబట్టి చూచినచో నిది వైఖరికి రాక మధ్యమయందే నిలిచిన వాక్కు. మందిరమున నధికారియై కూర్చున్న యాజకునకు నది తెలియలేదు. తెలియవలసినవానికిఁ దెలిసినదని యా గ్రంథకర్త తాత్పర్యము.

దీనికి విపరీతోదాహరణము లూకా 18వ యధ్యాయమునందలి పరిసయ్యుఁడు. అతఁడును సుంకరి యొకఁడును బ్రార్థించుటకు దేవాలయమునకుఁ బోయిరని యేసు చెప్పిన యుపమానము ప్రసిద్ధము. పరిసయ్యుఁడు తా నితరులవంటివాఁడు గానందులకుఁ గృతజ్ఞత తెలిపి, వారమునకు రెండుమాఱు లుపవసించుటను, రాఁబడిలోఁ బదియవవంతు నిచ్చుటను వినిపించెను. సుంకరి కన్నులెత్తక ఱొమ్ముఁ గొట్టుకొనుచు, పాపినగు తన్నుఁ గరుణింపుమని యొక్కవాక్యము పలికెను. నీతిమంతుఁడని యెంచఁబడి యింటికిఁ బోయినవాఁడు సుంకరియే. మనవారికి రుచించు సంగతి యిక్కడ నొకటి గలదు. పరిసయ్యుని వాక్యములలో లోట్టే లేదు. క్రియలన్నియు నుత్తమపురుషైకవచన లట్టునందే యున్నవి. అతఁ డేమియు నడుగలేదు. ప్రార్థించుటకు వచ్చెనని కథారంభమునఁ జెప్పఁబడినను ధాత్వర్థమగు యాచన యతని నోట రాలేదు. సుంకరి వాక్యమునందలి ప్రధానక్రియ మాత్రము లోట్టు. అర్థధాతు వక్కడ సార్థకమైనది.

ఇంతకు హృదయ మనఁగా నేమి? మన లోకవ్యవహారమున హృదయము భావోద్రేకమునకు స్థానముగాఁ దలఁపఁబడుచున్నది. కన్నీరు కార్చినచో హృదయపూర్వకమని, కంఠము వణఁకినచో భక్తియని జనులు తలంతురు. హీబ్రూభాషయందలి 'లేబ్' అను శబ్దమునకును, సువార్తలయందలి 'కర్దియ' యను శబ్దమునకును నంత సంకుచితార్థము లేదు. ఆలోచించుట, నిశ్చయించుట, జ్ఞాపకముంచుకొనుట, కోరుట యన్నియు బైబిలునందు హృదయవ్యాపారములే. మన పరిభాషలో మనోబుద్ధిచిత్తములు మూఁడును గలిసిన దనవచ్చును. పెదవులతో ఘనపఱచి హృదయమును దూరముగా నుంచుకొను జనులను యెషయాప్రవక్త నిందించెను. ఆ నిందను యేసు తన కాలమువారికి నన్వయించినట్లు మార్కు సువార్త 7వ యధ్యాయమున నున్నది. అక్కడ దూరమైనది కన్నీరు గాదు, నిశ్చయము. కావున హృదయపూర్వకప్రార్థన యనఁగా నుద్రేకముతోఁ జేయునది యని గాక, పలికిన దానిని నిజముగాఁ గోరి, నిజముగా సమ్మతించి పలుకునది యని యర్థము చెప్పవలెను. ఉద్రేకము కలుగవచ్చును, కలుగకపోవచ్చును.

ఇక్కడ రెండు పూర్వపక్షములు రాఁగలవు. మొదటిది: అడుగకమునుపే మన యక్కఱలు దేవునికిఁ దెలియునని యేసే చెప్పియుండఁగా, హృదయమునఁ గోరిక యుండుటయే చాలదా? మాటలేల? ప్రార్థనయే యేల? చూడఁగా మత్తయి సువార్తలో నా మాట వెంటనే, కావున నిట్లు ప్రార్థింపుఁడని ప్రభుప్రార్థన చెప్పఁబడినది. దేవుఁ డెఱుఁగుట ప్రార్థన మానుటకు హేతువని గాక, ప్రార్థించుటకు హేతువని యక్కడఁ జూపఁబడినది. ఉత్తరాఫ్రికాయందలి హిప్పోనగరమున బిషప్పుగా నుండిన అగస్టీను (354–430) ప్రోబా యను రోమను వితంతువునకు సుమారు 412లో వ్రాసిన లేఖయం దీ ప్రశ్నకు సమాధానము చెప్పెను. మాటలు దేవునికిఁ దెలుపుటకు గావు. మనము కోరుచున్న దేమో మనకు జ్ఞాపకము చేయుటకును, కోరిక చల్లాఱకుండఁ బెంచుటకును నని యాతని యభిప్రాయము. ఈజిప్టుదేశపు తపస్వులు బాణము విడిచినట్లు చిన్నచిన్న ప్రార్థనలను దఱచుగాఁ జేయుదురని చెప్పి, చాలకాలము ప్రార్థించుట వేఱు, చాలమాటలాడుట వేఱని యాతఁడు భేదము చూపెను. పదమూఁడవ శతాబ్దమున థామస్ అక్వైనస్ (1225–1274) తన బృహద్గ్రంథమున మఱియొక మాట చెప్పెను: ప్రార్థన దేవుని సంకల్పమును మార్చుటకుఁ గాదు, ప్రార్థనద్వారమున లభింపవలెనని యాతఁడు సంకల్పించిన దానిని బొందుటకే. రైతు దున్నుట వర్షమును దెచ్చుటకుఁ గాదు, వచ్చిన వర్షమును భూమి గ్రహించుటకు. అట్లే ప్రార్థనయు హృదయక్షేత్రమును దున్నుట యనుకొన్నచో నీ పూర్వపక్షము నిలువదు.

రెండవ పూర్వపక్షము బలవత్తరము. ప్రార్థనకు హృదయమే ప్రాణమైనచోఁ బరులు వ్రాసిపెట్టిన పాఠమును జదువుట ప్రార్థన యెట్లగును? ఈ వాదము పుస్తకములతో ముగిసినది కాదు. ఇంగ్లాండున దీనికొఱకు మనుష్యులు చెఱసాలలకుఁ బోయిరి. 1549లో ఆర్చిబిషప్పగు క్రాన్మరు పూనికచే, లాటినుపాఠములకు బదులు దేశభాషలో సామాన్యప్రార్థనాగ్రంథము వెలువడెను. కొరింథీయులకు వ్రాసిన మొదటిపత్రిక 14వ యధ్యాయమునఁ బౌలు, ఒకఁడు తెలియని భాషలోఁ బ్రార్థించినచో వినువాఁ డర్థమెఱుఁగక 'ఆమేన్' అని యెట్లు చెప్పఁగలఁడని యడిగినాఁడు. ఆమేన్ అనునది స్థైర్యార్థకమగు హీబ్రూధాతువునుండి పుట్టినది. పలికిన దానికి నేను కట్టుపడుచున్నానని దాని తాత్పర్యము. అర్థము తెలియనివానికి సమ్మతి లేదు; సమ్మతి లేనిచోట హృదయము లేదు. అనఁగా నా గ్రంథముగూడ హృదయముకొఱకే పుట్టినది.

అయినను నూఱేండ్లు గడవకమునుపే ప్యూరిటనులకు నా గ్రంథమే హృదయమునకు సంకెలగాఁ దోఁచెను. 1645లో పార్లమెంటు దానిని ద్రోసివేసి, ప్రార్థనాపాఠములకు బదులు మార్గసూచికను మాత్రము నిలిపెను. 1660లో రాజ్యము మరల రాజునకుఁ జేరెను. 1662లో సవరించిన గ్రంథమును జట్టముచే నిర్బంధము చేసిరి. 1660–1662 మధ్య నీ మార్పులకు లోఁబడని దాదాపు 2,000 మంది బోధకులు పదవులను గోల్పోయిరి. జాన్ బన్యను ప్రభుత్వసమ్మతమగు సంఘమునకు వెలుపల బోధించుచుండెనని 1660లోఁ బట్టుపడి రమారమి పండ్రెండేండ్లు, 1672వఱకు, బెడ్‌ఫర్డు చెఱసాలలో నుండెను. అక్కడనుండియే యాతఁడు ప్రార్థనను గూర్చి యొక గ్రంథము వ్రాసెను. ఆత్మతోను మనస్సుతోను బ్రార్థింతునని పౌలు చెప్పిన మాట దానికి మూలము. ఉచ్చరింపశక్యముగాని మూల్గులతో ఆత్మ మనకొఱకు విజ్ఞాపనము చేయునని రోమీయులకు వ్రాసిన పత్రికయం దున్నది గదా, ఆ మూల్గులను ముద్రించిన పుట లెట్లు నేర్పఁగలవని యాతని వాదసారము. పిల్లలకుఁ గూడ ముందుగా ప్రార్థనాపాఠములను వల్లెవేయించుట సరియైన మార్గము గాదని యాతఁ డభిప్రాయపడెను.

తెనుఁగుదేశమున కీ రెండు మార్గములును దాదాపొక్క కాలముననే వచ్చినవి. 1840లో నెల్లూరునఁ బాదుకొన్న బాప్తిస్టు మిషనుది వ్రాఁతపాఠము లేని ప్రార్థనాసంప్రదాయము. 1841లో మచిలీపట్టణమున నారంభమైన చర్చి మిషనరీ సంఘమువారిది ప్రార్థనాగ్రంథసంప్రదాయము. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ మేర్పడినప్పుడు, బాప్తిస్టులు దానిలోఁ జేరకున్నను, పాఠమున కలవాటుపడిన ఆంగ్లికనులును, పాఠముపై నంతగా నాధారపడని కాంగ్రెగేషనలు సంప్రదాయమువారును నొక్క సంఘముగాఁ గూడిరి. కావున నీ ప్రశ్న మన దేశపు క్రైస్తవులకుఁ బరదేశచరిత్రము గాదు. ప్రతి యాదివారమును నెదురగునదే.

దీనికి సమాధానము సువార్తలయందే దొరకుచున్నది. గెత్సేమనే తోఁటలో మరణవేదనయందు యేసు మూఁడుమాఱులు ప్రార్థించెను. మూఁడవమాఱును బూర్వపు మాటలనే చెప్పెనని మత్తయి 26వ యధ్యాయమునఁ జెప్పియున్నది. వ్యర్థమగు వాగ్బాహుళ్యమును నిషేధించిన యాతఁడే చెప్పిన మాటలను మరలఁ జెప్పెను. కావునఁ బునరుక్తి దోషము గాదు, శూన్యోక్తి దోషము. మఱియు సిలువమీఁద, దేవుఁడు తన్నేల విడనాడెనని యాతఁడు వేసిన కేక మత్తయి, మార్కు సువార్తలయం దున్నది. హృదయము బ్రద్దలై వెలువడిన మాట యనఁదగిన యా కేక యాతఁ డప్పటికిఁ గూర్చుకొన్నది కాదు. 22వ కీర్తనయొక్క మొదటి వాక్యము. తరతరములుగా యూదులు పఠించుచు వచ్చిన పాఠమే మరణసమయమునఁ బరమహృదయవాక్యమైనది. మాటలు పూర్వులవి, వేదన యాతనిది. పరకృతపాఠము హృదయమునకు శత్రువనువారి కింతకంటె వేఱు సమాధాన మక్కఱలేదు.

బన్యను చూపిన యపాయముగూడ నిజమే. అర్థమెఱుఁగక చదివిన వేదము నగ్నిలేనిచోట వేసిన యెండుకట్టెవలె వెలుఁగదని మన ప్రాచీనులు చెప్పిరి. ఆ వచనమును బతంజలి మహాభాష్యము పస్పశాహ్నికమున నుదాహరించెను. ఆ దృష్టాంత మిక్కడఁ జక్కఁగా సరిపోవును. పాఠము కట్టె, హృదయ మగ్ని. అగ్నిలేని కట్టె వెలుఁగదనుట యొక పార్శ్వము. కట్టెలేని యగ్ని నిలువదనుట రెండవ పార్శ్వము. అప్పటికప్పుడు కూర్చి ప్రార్థించువాఁడును గొన్నియేండ్లకుఁ దన పదములకే యలవాటుపడి, పుస్తకము లేకయే వల్లించువాఁ డగుట కలదు. పుస్తకము చేతనుండుటచే హృదయము పోదు. లేకుండుటచే హృదయము రాదు. పిల్లలవిషయమునను నంతే. శబ్దమంజరిని, అమరమును అర్థము పూర్తిగాఁ దెలియకమునుపే వల్లెవేసినవారము మనము. ఆ పాఠము తరువాతికాలమున నక్కఱకు వచ్చినది. కాని గురువు తరువాతనైన నర్థము చెప్పనిచో నా కట్టె కట్టెగానే యుండిపోవును. దోషము వల్లెవేయించుటయందు లేదు, వల్లెతో విడిచిపెట్టుటయందున్నది.

చదువునప్పుడు మనస్సు చెదరినచోఁ బ్రార్థన వ్యర్థమగునా యని భక్తులు బాధపడుట కలదు. అక్వైన స్సవధానమును మూఁడుగా విభజించెను. పదములు తప్పకుండఁ జూచుకొనుట మొదటిది. పదార్థమునందు మనస్సు నిలుపుట రెండవది. ఎవనిఁ బ్రార్థించుచున్నామో యా దేవునియందును, కోరు వస్తువునందును మనస్సు నిలుపుట మూఁడవది. మనము వీనిని శబ్దావధాన, అర్థావధాన, లక్ష్యావధానము లనవచ్చును. ఈ మూఁడవది యన్నిటికంటె ముఖ్యమనియు, చదువురానివారికిఁ గూడ నది సాధ్యమనియు నాతఁడు చెప్పెను. కోరి చెదరనిచ్చినది దోషమే. ఇచ్ఛలేక చెదరినది ప్రార్థనాఫలమును బూర్తిగాఁ జెఱుపదు. హృదయపూర్వకత యనునది పండితులకో, యేకాగ్రచిత్తులకో మాత్రము చెందిన సొత్తు గాదని దీనివలనఁ దేలుచున్నది.

అయినచో హృదయ మున్నదో లేదో తెలియుట యెట్లు? కన్నీరు గుఱుతు గాదంటిమి. పాఠమున్నదా లేదా యనునదియు గుఱుతు గాదంటిమి. సువార్తలు చెప్పు గుఱుతు వేఱు. వితంతువుల యిండ్లను మ్రింగి, మాయవేషముతో దీర్ఘప్రార్థనలు చేయువారికి శిక్ష యధికమని మార్కు 12వ యధ్యాయమున నున్నది. బలిపీఠమువద్ద నర్పణము విడిచి, ముందు నీపై విరోధముగల సోదరునితో సమాధానపడుమని మత్తయి 5వ యధ్యాయమున నున్నది. ప్రార్థనాహృదయము ప్రార్థనాకాలమునఁ బుట్టి యప్పుడే పోవునది గాదు. పొరుగువానితోడి వ్యవహారమున దాని సత్యము తెలియును.

ఈ విషయమునఁ బ్రభుప్రార్థనలోని యొక్క క్రియారూపము మిక్కిలి విచారణీయము. ఆ ప్రార్థనయంతటిలోఁ బ్రార్థించువారు తాము చేసిన పనిని జెప్పుకొను స్థల మొక్కటియే: మా ఋణములను క్షమింపుమని యడుగుచు, మేమును మా ఋణస్థులను క్షమించితిమని చెప్పుట. లూకాపాఠమున నక్కడ వర్తమానక్రియ యున్నది. మత్తయిసువార్తయొక్క ప్రాచీనప్రతులలోనో భూతకాలక్రియ యున్నది. తెనుఁగుపాఠమును భూతార్థమునే సూచించుచున్నది. వర్తమానమైనచో నెప్పటికప్పుడు క్షమించుచున్నామని యర్థము. భూతమైనచోఁ బ్రార్థించుటకు వచ్చులోపలనే యా పని ముగిసినదని యర్థము. తక్కిన వాక్యములన్నియు విన్నపములు. విన్నపమునకు సత్యాసత్యవిచారము లేదు. ఇది మాత్రము సిద్ధార్థకథనము. దీనికి సత్యాసత్యములు గలవు. పొరుగువానిపైఁ బగఁబట్టి యీ వాక్యమును జదువువాఁడు దేవునిసన్నిధి నసత్యము పలికినవాఁ డగుచున్నాఁడు. అతని స్వరము మధురముగా నుండవచ్చును, కన్నీరు నిజముగాఁ గాఱుచుండవచ్చును. క్రియ మాత్రము కల్ల. ఆ ప్రార్థన ముగిసిన వెంటనే యేసు తక్కిన విన్నపములను విడిచి యీ యొక్కదానినే వ్యాఖ్యానించి, పరులను క్షమింపనివానికి క్షమ లేదని చెప్పుట గమనింపఁదగినది. హృదయపూర్వకత కాతఁడు చూపిన పరీక్ష యిదియే.

ఇంతకుఁ దేలిన యర్థ మేమనఁగా: క్రైస్తవప్రార్థనయందు హృదయప్రాధాన్యము చెప్పుట మాటలను దిరస్కరించుట గాదు, ఉద్రేకమును గొనియాడుట గాదు, పూర్వుల పాఠములను ద్రోసివేయుట గాదు. పలికిన పదమునకు వక్త తాను బద్ధుఁడై యుండుటయే యక్కడ హృదయ మనఁబడినది. యాచించువాఁడు యాచకుఁడుగా నిలుచుట, 'మా' యన్నవాఁడు పొరుగువానిఁ జేర్చుకొనుట, క్షమించితి నన్నవాఁడు క్షమించి యుండుట, ఆమేన్ అన్నవాఁ డర్థమెఱిఁగి సమ్మతించుట: ఈ నాలుగును గలిగినప్పుడు పుస్తకములోని పాఠమును, చదువురానివాని తడబాటును, హన్నా మౌనమును సమానముగాఁ బ్రార్థనలే. అవి లేనప్పుడు శుద్ధమైన లోట్టును ప్రార్థనార్థమును గోల్పోయి విధిమాత్రముగా మిగిలిపోవును. పాఠశాలలయందు, అది యే మతమువారి దైనను, ప్రార్థనాపద్యములను వల్లెవేయించు పండితులకుఁ గూడ నీ విచారమున నుపయోగము గలదు. వర్ణలోపము, స్వరలోపము మనము దిద్దుదుము. అర్థలోపమును దిద్దుటకుఁ బూనుదుము గాక. ఆ పైదానిని శిష్యుఁడు తన హృదయమునఁ దానే దిద్దుకొనును గాక.